వదలని బ్రేకు

మే 6

అత్తయ్యకు,

ఫోనులో నువ్వు "ఆఁ? ఏంటీ?" అంటుంటే, నేను గొంతు చించుకుంటుంటే, ఇక్కడ ఆరోగ్య కేంద్రంలో వరసగా కూర్చున్న రోగులంతా తమ జబ్బులు మరిచిపోయి నా వైపే చూశారు. అందుకే ఇక ఉత్తరాలు. టపా జీపు వారానికి రెండుసార్లు ఈ కొండ మీదికి వస్తుంది. నీకు నాలుగు రోజుల్లో చేరుతుందన్నారు.

నా పని ఏమిటో నాన్నకు నువ్వే నచ్చజెప్పాలి. పొద్దున నర్సక్క రోగుల దగ్గర రక్తం తీస్తుంది. ఆ గాజు గొట్టాలను పెట్టెలో సర్ది, వీపుకు కట్టుకుని, సైకిలు మీద కింది ఊరి ల్యాబుకు దిగుతాను. రెండు గంటల్లోపు అందకపోతే ఆ రక్తం పనికిరాదు. జీపు రోడ్డు కొండను చుట్టుకుంటూ నాలుగు గంటలు తీసుకుంటుంది. అడ్డబాట పంతొమ్మిది కిలోమీటర్లు, గంటంబావు. మొత్తం దిగుడే, ఇరవై రెండు మలుపులు. తిరుగు ప్రయాణం సైకిలుతో సహా ఆరోగ్య కేంద్రం జీపులో, కునికిపాట్లు పడుతూ.

ఇప్పుడు అసలు బాధ. సైకిలు వెనక బ్రేకు మెత్తబడిపోయింది. తీగ బ్రేకు కాదిది, నూనెతో పనిచేసేది. చక్రం మధ్యలో ఇనుప బిళ్ల, దాన్ని రెండు వైపులా అదిమి పట్టే దిమ్మ. లివరు నొక్కితే పాత దిండును నొక్కినట్టు హ్యాండిలు దాకా వచ్చేస్తోంది. రెండు మూడుసార్లు టకటకా కొడితే గానీ పట్టదు. నిన్న ఒక మలుపులో కట్టెల మోపుతో మనిషి ఎదురొచ్చాడు. ఎలా ఆగానో నాకే తెలియదు.

లోపల గాలి చేరిందంటుంది నర్సక్క, సిరంజీల అనుభవంతో. కింది ఊళ్లో ఉన్నది ఒక్కడే సైకిలు మెకానిక్. ఆయన కూతురి పురుడుకు వెళ్లాడు, నెలాఖరుకు గానీ రాడు. నువ్వు ముప్పై ఒక్క ఏళ్లు బస్సుల బ్రేకులు చూశావు కదా, ఈ గాలి తీయడం ఎలాగో రాయి. లివరు పక్కన చిన్న నూనె డబ్బా ఉంది. మూత మీద అక్షరాలు అరిగిపోయి "మిన" దాకా కనిపిస్తున్నాయి. అంతకు మించి నాకేం తెలియదు.

త్వరగా రాయి. రోజూ దిగాలి కదా.

నీ పిచ్చుక


మే 11

పిచ్చుకా,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. డిపో నుంచి రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏదీ అడగలేదు, తెలుసా? మీ నాన్న రోజూ కింది వాటా నుంచి మెట్లెక్కి వచ్చి, పలక మీద "మందు వేసుకున్నావా" అని రాసి చూపించి పోతాడు. లోకం నాతో మాట్లాడేది ఆ ఒక్క ముక్కే. గాలి యంత్రం హోరుకు చెవులు పోయాయి గానీ, చేతులు పోలేదు నాకు.

విను. నూనె నలగదు, గాలి నలుగుతుంది. నువ్వు లివరు నొక్కిన బలమంతా ఆ గాలి బుడగ మింగేస్తోంది. దాన్ని బయటికి పంపాలి, అంతే.

ముందు చక్రం ఊడదియ్యి. దిమ్మలో ఉన్న ప్యాడ్లు కూడా తీసి, కాగితంలో చుట్టి దూరంగా పెట్టు. వాటికి ఒక్క చుక్క నూనె తగిలినా ఇక పట్టవు. ప్యాడ్లున్న చోట చెక్కముక్క దూర్చు. నూనె డబ్బా సమంగా, అన్నిటికంటే పైన ఉండేలా సైకిలు నిలబెట్టు. మూత తీసి నూనె నింపు. కింద దిమ్మ మీద బొటనవేలి గోరంత నట్టు, నెత్తిన బొడిపెతో ఉంటుంది. ఆ బొడిపెకు సన్నటి గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో నూనెలో ముంచు. ఇక ఇద్దరు కావాలి. ఒకరు లివరు నొక్కి పట్టుకోవాలి, ఒకరు నట్టు పావు చుట్టు విప్పాలి. బుడగలు బుడబుడా వస్తాయి. నట్టు బిగించాకే లివరు వదలాలి. ముందే వదిలారంటే పోయిన గాలి మళ్లీ లోపలికే. నొక్కు, విప్పు, బిగించు, వదులు. కొత్తగా చేరినవాళ్లకు దీన్నే పాటలా చెప్పేదాన్ని. పైన డబ్బా అడుగంటకుండా పోస్తూ ఉండు. మధ్యమధ్య గొట్టాన్ని వేలితో తట్టు. కొన్ని మొండి బుడగలు లోపలే అంటిపెట్టుకుని ఉంటాయి, మా తమ్ముడిలా.

ఏ నూనె అంటావేమో, మోటారు సామాన్ల కొట్టులో బ్రేకు ఆయిల్ అని అడుగు, ఎర్ర సీసా ఇస్తారు. ముప్పై ఒక్క ఏళ్లు నేను పోసింది అదే. మూత మీద అక్షరాలతో మనకేం పని? కంపెనీవాళ్లు పేర్లు రాసుకుంటారు.

లివరు రాయిలా గట్టిపడేదాకా దిగకు. రెండు రోజులు రక్తం ఆగితే ఆగింది.

బ్రేకులత్త (డిపోలో అలాగే పిలిచేవాళ్లు, మరిచిపోయావేమో)


మే 17

అత్తయ్యా,

అయింది! నర్సక్క లివరు దగ్గర, నేను నట్టు దగ్గర. "నొక్కు, విప్పు, బిగించు, వదులు" అని నేను కేకలేస్తుంటే దగ్గు మందుకు వచ్చిన ముసలాయన కూడా వంత పాడాడు. మొదట తెల్లటి నురగ వచ్చింది, తర్వాత బఠాణీలంత బుడగలు, తర్వాత ఆవగింజలంత, ఆ తర్వాత ఏమీ లేదు. లివరు రాయి! ఉత్సాహం పట్టలేక ముందు బ్రేకుకు కూడా అదే చేసేశాం.

నిన్న దిగాను. ఒక్క వేలితో ఆగుతోంది. ల్యాబు చేరేసరికి యాభై ఎనిమిది నిమిషాలు. "ఇంత తొందరగా వచ్చావేంటి?" అన్నాడు ల్యాబాయన. "మా అత్తయ్య బ్రేకు బాగుచేయించింది" అన్నాను. "బ్రేకు బాగుంటే ఆలస్యం కావాలి గదమ్మా?" అని నవ్వాడు. ఆయనకేం తెలుసు! ఆగగలనన్న ధైర్యం ఉంటేనే కదా వేగంగా పోగలిగేది.

నర్సక్క నిన్ను ఇక్కడికి రమ్మంటోంది. బల్లలు, తలుపులు, స్టవ్వు, ఆమె మొగుడు, అన్నీ రిపేరుకున్నాయట.

నీ పిచ్చుక


మే 22

పిచ్చుకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకుని, నాలుగోసారి మీ నాన్నకు చదివి వినిపించాను. ముఖం గంటు పెట్టుకుని విన్నాడు. "అదేదో ఇక్కడే ఉద్యోగం చూసుకోవచ్చుగా" అని పలక మీద రాశాడు. తుడిచేశాను. మళ్లీ రాశాడు. పలక దాచేశాను.

పొద్దున లేస్తే ఏం చేయాలో తోచడం లేదు. ఇల్లు ఊడ్చి మళ్లీ ఊడుస్తున్నాను. నువ్వు ఏ మలుపు దాకా దిగి ఉంటావో గడియారం చూసి లెక్కేసుకుంటున్నాను. పదిన్నరకు "ఈపాటికి ల్యాబులో ఉంటుంది" అనుకుని అప్పుడు టీ తాగుతాను.

ముందు బ్రేకు కూడా చేశావన్నావు, మంచిది. వారానికోసారి లివరు గట్టిగా ఉందో లేదో చూసుకో. ఏ చిన్న తేడా వచ్చినా నాకు రాయి. ఎంత చిన్నదైనా సరే.

అత్తయ్య


మే 30

అత్తయ్యకు,

చేతిరాత చూసి కంగారు పడకు. మెట్ల మీద కాలు జారి చెయ్యి కాస్త బెణికింది. నేను చెప్తుంటే తెలిసినవాళ్లు రాసిపెడుతున్నారు. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. సైకిలు బాగానే ఉంది. పని కూడా బాగానే ఉంది. ఎండలు ముదిరాయి. నాన్నకు చెప్పాల్సినంత సంగతి కాదు.

నువ్వు వేళకు తిను.

పిచ్చుక


జూన్ 4

ఏమే పిచ్చుకా,

అరవై రెండేళ్లొచ్చాయి నాకు. చెవులు లేవు గానీ కళ్లున్నాయి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. గీత గీసినట్టు వరసలు. ఎవరే ఆ "తెలిసినవాళ్లు"? పేరు చెప్పకుండా దాటేశావు. ఎప్పుడూ నాలుగు పేజీలు రాసేదానివి, ఈసారి ఎండలు ముదిరాయని రాశావు. పక్కన కూర్చుని ఎవరో రాస్తుంటే సిగ్గుపడ్డ పిల్ల ఉత్తరంలా ఉంది అది. మీ నాన్నతో కూడా అన్నాను, "ఇది మగపిల్లాడి దస్తూరీరా, మన పిల్ల ఎవరినో చూసుకుంది" అని. వాడు ఒంటికాలి మీద లేచాడు. లేవనీ. మంచివాడైతే చాలు నాకు. ఆ కొండ మీదే ఉండిపోతావా? అది ఒక్కటి చెప్పు.

ఇక నా సంగతి. నేను మళ్లీ పనిలో పడ్డానే! వీధి చివర సైకిలు కొట్టాయనకు నీ ఉత్తరం చూపించాను. ఆయన దగ్గరికి ఈ నూనె బ్రేకుల సైకిళ్లు వస్తున్నాయట, వాటిని చూస్తే ఆయనకు చేతులాడవట. నాకో స్టూలు వేసి కూర్చోబెట్టాడు. పది రోజుల్లో నాలుగు సైకిళ్లు చేశాను. బ్రెడ్డు బేకరీ మొగుడూ పెళ్లాలవి రెండు, డ్రిల్లు మాస్టారిది ఒకటి, కొరియర్ పిల్లది ఒకటి. ఆ పిల్ల రోజుకు ఆరేడుసార్లు పెద్ద వంతెన ఎక్కి దిగుతుంది. నాలుగూ రాళ్లలా గట్టిపడ్డాయి. డిపో నాటి నీలం చొక్కా బయటికి తీశాను. గుండీలు పట్టడం లేదు గానీ, ఆ ఎర్ర సీసా వాసన తగలగానే ఒంట్లోకి ప్రాణం వచ్చింది.

ఇదంతా నీ పుణ్యమే.

బ్రేకులత్త


జూన్ 9

అత్తయ్యా,

ముందు ఈ ఒక్కటి చదివి, వెంటనే లేచి వెళ్లు. ఆ నాలుగు సైకిళ్లూ ఆపించు. ఎవరినీ ఎక్కనివ్వద్దు. మిగతాది తర్వాత చదువు.

మెట్ల మీద పడ్డానన్నది అబద్ధం. మే ఇరవై ఐదున ఏడో మలుపులో సైకిలు మీది నుంచి పడ్డాను. కుడి భుజం ముందున్న ఎముక విరిగింది. బ్రేకు పడలేదని కాదు. పట్టిన బ్రేకు వదల్లేదు. మలుపు ముందు లివరు నొక్కాను, వేలు తీశాను, లివరు అక్కడే ఉండిపోయింది. వెనక చక్రం బిగుసుకుపోయి కంకర మీద పక్కకు ఈడ్చేసింది. అంతకు ముందు రెండు రోజుల నుంచే లివరు బద్ధకంగా వెనక్కి వస్తోంది. నీకు రాయాల్సింది. రాయలేదు.

ఇరవై ఎనిమిదిన కింది ఊరి మెకానిక్ వచ్చి విప్పి చూశాడు. ఈ సైకిలు బ్రేకులో పోయాల్సింది మినరల్ ఆయిల్ అట. మూత మీద రాసి ఉన్నది అదే. బస్సు బ్రేకుల నూనె వేరే జాతి. అది తగిలితే ఇందులోని రబ్బరు వాచర్లు వారం పది రోజుల్లో ఉబ్బిపోతాయట. ఉబ్బి, లోపలి పిస్టన్లను కదలనివ్వవు. బస్సుల్లోని రబ్బరుకు నీ నూనే సరైనది. నువ్వు చెప్పిన పద్ధతిలో ఒక్క తప్పు లేదని కూడా ఆయనే అన్నాడు. నూనె ఒక్కటే తేడా.

నీకు చెప్పడానికి నోరు రాలేదు. ఎన్నేళ్లకో నువ్వు అంత సంతోషంగా రాశావు. ఎలాగూ నా సైకిలు ఆగిపోయింది కదా, నీకు తెలియకపోతే ఎవరికి నష్టం అనుకున్నాను. నిన్న నీ ఉత్తరంలో నాలుగు సైకిళ్ల సంగతి చదివాక తెలిసింది, ఎవరికి నష్టమో.

ఇవాళ పొద్దున్నే నాన్నకు ఫోను చేశాను. లైను గరగరమంటోంది. "నాన్నా, నేను పడ్డాను" అన్నానో లేదో, "తెలుసు, అక్క ముందే చెప్పింది, వస్తున్నా" అని పెట్టేశాడు. సైకిళ్ల మాట ఆయన చెవిన పడిందో లేదో తెలియదు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అందుకే టపా జీపాయన్ని ఆపి ఇది రాయిస్తున్నాను.

రాస్తున్నది నర్సక్క. ఆ ముత్యాల దస్తూరీ ఆమెదే. ఆమెకు నలభై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదంటోంది.

పిచ్చుక


జూన్ 13

పిల్లా,

పిచ్చుక అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు.

తొమ్మిదో తారీకున మీ నాన్న నా తలుపు సందులో చీటీ పెట్టి పోయాడు. "నువ్వన్నట్టే అయింది. పిల్ల పడిందట. వెళ్తున్నాను." ప్రేమలో పడ్డావని వాడి అర్థం. నాకూ అదే అర్థమైంది. నవ్వుకుని, టీ పెట్టుకుని తాగాను. నువ్వు ఎముక విరిగి పడుకుని ఉంటే నేను టీ తాగుతూ అల్లుడు ఎలా ఉంటాడో అని ఆలోచించాను.

పదో తారీకున డ్రిల్లు మాస్టారు గడ్డానికి నాలుగు కుట్లతో కొట్టుకు వచ్చాడు. పలక అందుకుని "బ్రేకు వదల్లేదు" అని రాశాడు. నేనేమన్నానో తెలుసా? "ఆ బ్రేకు మీద నా చెయ్యి పడింది. తొక్కడం చేతకాకపోతే మైదానంలో తొక్కుకోండి" అన్నాను. కొట్టు నిండా జనం. ఆయన పలక కింద పెట్టి, సైకిలు నడిపించుకుంటూ పోయాడు.

నిన్న పదకొండింటికి నీ ఉత్తరం వచ్చింది. మొదటి రెండు వాక్యాలు చదివి, చెప్పులు లేకుండానే వీధిలోకి పరిగెత్తాను. బేకరీవాళ్ల రెండు సైకిళ్లూ గోడకు ఆనించి ఉన్నాయి, చక్రాలకు తాళం వేయించాను. కొరియర్ పిల్ల పొద్దున్నే వెళ్లిపోయింది. ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. వంతెన దిగక తప్పదు కదా అని అక్కడికి పోయాను. కొట్టాయన ఎర్ర తువ్వాలు చేతిలో పట్టుకుని, వంతెన కింద ఒంటిగంట దాకా నిలబడ్డాను. లారీలు, బస్సులు. వెనక నుంచి హారన్ కొడితే నాకు వినపడదని కొట్టాయన నా పక్కనే నిలబడి చొక్కా పట్టుకున్నాడు. ఆ పిల్ల పై నుంచి కనిపించగానే తువ్వాలు ఊపాను. ఆగింది. నేను మోకాళ్ల మీద కూర్చుని లివరు నొక్కి వదిలాను. నిద్ర లేచినట్టు మెల్లగా వచ్చింది వెనక్కి. విషయం చెప్పాను. ఆ పిల్ల నోరు చాలాసేపు ఆడింది. ఏం తిట్టిందో నాకు తెలియదు, కొట్టాయన పలక మీద రాయలేదు.

సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ, పిల్లలు అందరూ ఉన్నారు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ చెప్పాను, తప్పు నాది, మీ తొక్కుడులో ఏమీ లేదు అని. ఆయన కూర్చోమన్నాడు. కూర్చోలేకపోయాను. కొట్టాయన స్టూలు లోపల పెట్టేశాడు. పాడైన బ్రేకులన్నిటికీ కొత్తవి నేనే తెప్పిస్తున్నాను.

ఇక నీతో మాట. నూనె తప్పు నాది. మూత మీద అక్షరాలున్నాయని నువ్వు రాశావు, నేను దాటేశాను. నాకు తెలియనిది ఒకటుంటుందని తోచలేదు. అది నేను మోస్తాను. కానీ ఇరవై ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఆ పన్నెండు రోజులు నీవి. తప్పు చెప్తే తట్టుకోలేను అనుకున్నావా? నేను చేరిన రెండో ఏడు, ఒక బస్సుకు నట్టు బిగించకుండా పంపేశాను. టీ తాగుతుంటే గుర్తొచ్చింది. మేనేజరు గదిలోకి పరిగెత్తి చెప్పాను. మూడో స్టాపులో ఆపారు. నెల రోజులు డిపో అంతా నవ్వింది. చెప్పాను కాబట్టే నవ్వు దగ్గర ఆగింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు నా చేతి కింద ఎవరు తప్పు చేసినా ముందు నా దగ్గరికే వచ్చి చెప్పేవాళ్లు. నా ఇంటి పిల్లవు నువ్వు దాచావు. నన్ను పసిపిల్లను చేసి, బుజ్జగించి కూర్చోబెట్టావు.

ఎముక ఎంతవరకు అతుక్కుంది? నొప్పి ఉందా? నిజం రాయి.

అత్తయ్య


జూన్ 21

అత్తయ్యా,

నొప్పి ఉంది. రాత్రి పక్కకు తిరిగితే ప్రాణం పోతుంది. ఎముక సగం అతుక్కుందట. ఇక నుంచి నిజమే రాస్తాను.

నాన్న పదకొండున దిగాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, యుద్ధానికి వచ్చినట్టు. "ఎక్కడ వాడు?" అన్నాడు. నా భుజానికి కట్టు చూసి గడపలోనే కూలబడ్డాడు. "మీ అత్త చెప్పింది వేరే కదే" అన్నాడు. నర్సక్క బయటికొచ్చి, "ఉత్తరాలు రాసిన కుర్రాడిని నేనేనండీ" అంది.

మర్నాడే నన్ను ఇంటికి తీసుకుపోతానన్నాడు. జీపులో ఇద్దరికి చోటు లేదు. నేను పడ్డ దగ్గర్నుంచి, రక్తం ఇవ్వాల్సిన వాళ్లే జీపులో కింది ఊరికి పోతున్నారు మరి. ఆ రోజు ఒక ముసలామెను ఎక్కించడానికి నాన్న సాయం పట్టాడు, తోడు ఎవరూ లేరని ఆయనే ఎక్కాడు. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. దారి పొడుగునా ఆమె కక్కుతూనే ఉందట, ఒక్క గొట్టం రక్తం కోసం. తిరిగొచ్చి చేతులు కడుక్కుని, "నీ సైకిలు ఎప్పటికి బాగవుతుంది?" అని అడిగాడు. ఇంటికి రమ్మన్న మాట మళ్లీ ఎత్తలేదు.

నీకు ఇంకోటి చెప్పాలి. పడ్డప్పుడు పదకొండు గొట్టాలు పగిలాయి. అందులో ఒకటి ఆరేళ్ల పిల్లది. చిక్కిపోయిన చెయ్యి, నరం దొరకదు. నా కట్టు కోసం దిగిన జీపులోనే ఆ పిల్లనూ తీసుకెళ్లాం. ల్యాబు దగ్గర నర్సక్క రెండోసారి గుచ్చినప్పుడు ఆ పిల్ల ఏడవలేదు, నా వైపు చూసింది. ఆ చూపు నీకు రాయలేక ఎండలు ముదిరాయని రాశాను.

కొత్త బ్రేకులు వచ్చాయి. మెకానిక్ సలహాతో ఈసారి సిరంజీతో చేశాం. కింద దిమ్మ దగ్గర నుంచి నూనెను పైకి నెట్టాలి. గాలి ఎలాగూ పైకే పోవాలనుకుంటుంది కదా, దానికి దారి ఇస్తే చాలు. నాన్న సిరంజీ నెట్టాడు, నర్సక్క పైన చూసింది, నేను ఒంటిచేత్తో నట్టు తిప్పాను. నూనె సీసా మీది అక్షరాలు నాన్న రెండుసార్లు పైకి చదివాడు, మూడోసారి నర్సక్కతో చదివించాడు.

నేను దిగడానికి ఇంకో నెల పడుతుంది. భయంగా ఉంది. అదీ నిజమే.

పిచ్చుక అని రాయడానికి చెయ్యి వచ్చిందా?

నీ మేనకోడలు


జూలై 5

పిచ్చుకా,

వచ్చింది.

భయం ఉండటం మంచిదే. మొదటి రోజు పెట్టె లేకుండా, ఖాళీ వీపుతో దిగు. ప్రతి మలుపుకు ముందు పూర్తిగా ఆగి, కాలు కింద పెట్టి, మళ్లీ కదులు. ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు. ఆ ఆరేళ్ల పిల్లకు పరీక్షలో ఏం తేలింది? నువ్వు రాయలేదు. నాకు అదే తిరుగుతోంది మనసులో.

మూడు వారాలు నేను ఇల్లు కదల్లేదు. వీధి చివరి దాకా పోవాలంటే ముఖం చెల్లలేదు. నీలం చొక్కా మడిచి అడుగున పెట్టేశాను. మీ నాన్న తిరిగొచ్చాక రోజూ పైకొచ్చి కూర్చుంటున్నాడు. పలక మీద మందు మాట ఒక్కటే కాక, ఆ కొండ సంగతులన్నీ రాస్తున్నాడు. సుద్దముక్కలు డబ్బా అయిపోయింది.

మొన్న తలుపు తీసేసరికి కొరియర్ పిల్ల మెట్ల మీద నిలబడి ఉంది. భుజాన సైకిలు. మూడంతస్తులు మోసుకొచ్చింది. తిట్టడం మిగిలిపోయిందేమో అనుకున్నాను. పలక తీసుకుని రాసింది, "ముందు బ్రేకు మెత్తబడింది." నేను అన్నాను, "నా దగ్గరికెందుకమ్మా, ఊళ్లో ఇంకెవరూ లేరా?" మళ్లీ రాసింది. "ఉన్నారు. వాళ్లలో తప్పు చేస్తే ఎండలో నిలబడి చెప్పేవాళ్లు ఎవరో నాకు తెలియదు."

చెక్కముక్క దూర్చడానికి రెండుసార్లు పట్టింది. మూత మీద అక్షరాలు రెండుసార్లు చదివి చెప్తే, మీ నాన్న పోయి మినరల్ ఆయిలు, మందుల కొట్టు నుంచి సిరంజీ తెచ్చాడు. కింది నుంచి నూనె నెట్టాను, నువ్వు రాసినట్టే. బుడగలు పైన డబ్బాలోకి ఒక్కొక్కటే తేలాయి. లివరు గట్టిపడింది. కానీ ఇవ్వలేదు. డిపోలో ఒక పద్ధతుండేది. బ్రేకు చేసినవాళ్లే మొదటి చుట్టు బస్సులో కూర్చోవాలి. "నేను ఎక్కి చూశాకే ఇస్తాను" అన్నాను.

ఇరవై ఏళ్లయింది సైకిలు ఎక్కి. వంతెన పైదాకా నడిపించుకుంటూ పోయి, అక్కడ ఎక్కి, వదిలేశాను. వెనక మీ నాన్న పరిగెడుతూ ఏదో అరిచాడట. నాకేం వినపడుతుంది? గాలి మాత్రం ముఖానికి కొట్టింది. సగం దిగాక నొక్కాను. పట్టింది. వేలు తీశాను. వదిలింది. మళ్లీ నొక్కాను, మళ్లీ వదిలాను. కింది దాకా అలా పదకొండుసార్లు.

ఆ పిల్ల సైకిలు తీసుకుని వెళ్లిపోయింది. మీ నాన్న ఎంత పిలిచినా లోపలికి రాలేదు నేను. కింద వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని వంతెన వైపే చూస్తూ కూర్చున్నాను. నాలుగైంది, ఐదైంది. ఆరు దాటాక సంచీ ఖాళీ చేసుకుని ఆ పిల్ల మా వీధిలోంచే వచ్చింది. మా గుమ్మం ముందు నెమ్మదించి, నా వైపు చూసి చెయ్యెత్తి, మలుపు తిరిగి పోయింది.

అప్పుడు లేచి లోపలికి వచ్చి అన్నం తిన్నాను.

అత్తయ్య